ఒకే కవితలో ఆరుసార్లు ‘నువ్వు’: పునరుక్తి దోషమా, లయా?

చిత్తుప్రతి:
ఒక ప్రేమకవిత రాశాను, మూడు చరణాలు. చదివిన ఇద్దరిలో ఒకరు ‘నువ్వు’ మరీ ఎక్కువైంది, పునరుక్తి దోషం అన్నారు. ఇంకొకరు అదే బాగుంది, చదువుతుంటే తాళం వేసినట్టుంది అన్నారు. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే, ఎవరి మాట నమ్మాలో తెలియక ఇక్కడ పెడుతున్నాను. ఛందస్సు నాకు అంతంత మాత్రం, చెవికి నచ్చినట్టు రాసుకుంటూ పోయాను. బాగుందా లేదా అని అడగడం లేదు. నడక, ప్రాస, ఈ తిరిగి తిరిగి రావడం, వీటి సంగతి చెప్పండి చాలు.

నువ్వు నడిచిన దారి మీదే
నువ్వు విడిచిన నీడ ఉన్నది
నువ్వు మరిచిన మాట ఒక్కటి
దాచుకున్నా

నువ్వు పిలిచిన పేరుతోనే
నన్ను నేనే పిలుచుకుంటూ
నువ్వు లేవని తెలిసి కూడా
పలుకుతున్నా

నువ్వు వచ్చిన రోజు చెబుతా
ఎదురు చూస్తూ గడిచిపోయిన
రోజులెన్నో
ఎంచుతున్నా

సగంచదివినవాడు:
నాకు నచ్చింది. అంతే.

గణవిభజన:
ముందు కొలత చూద్దాం, రుచి సంగతి తర్వాత. మాత్ర అంటే హ్రస్వాక్షరం పలికేంత సమయం, ఒక మాత్ర అక్షరం లఘువు, రెండు మాత్రలది గురువు. నడక మూడు నాలుగు మూడు నాలుగు మాత్రలు, అంటే మిశ్రగతి. నువ్వు మూడు మాత్రలు, నడిచిన నాలుగు, దారి మూడు, మీదే నాలుగు, వెరసి 14. చివరి పొట్టి పాదం ‘దాచుకున్నా’ మూడూ నాలుగూ ఏడు. గురజాడ 1910లో తెచ్చిన ముత్యాలసరం అనే ఛందస్సు నడక ఇదే. అంతకుముందు రగడలనే పాత ఛందస్సుల్లోనూ ఉంది, వృషభగతి రగడలో ఈ నడకే పాదానికి 28 మాత్రలు సాగుతుంది. మీరు చెవికి నచ్చినట్టు రాశానన్నారు కానీ మీ చెవికి ఇది ఎప్పుడో పట్టుబడి ఉంటుంది, మంచిదే.

ఇక లోపాలు. మొదటి చరణంలో మూడు పాదాలకీ రెండో అక్షరం ‘వ్వ’ పడింది, ప్రాస కుదిరిందని సంబరపడకండి. అదే మాటను మూడుసార్లు అదే చోట పెడితే ప్రాస కుదరక ఏమవుతుంది? అది పరీక్షలో పక్కవాడి పేపర్ కాదు, తన పేపరే తాను కాపీ కొట్టడం. యతి లేదు, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కలిసే అక్షరం పడలేదు. రెండో పాదంలో నువ్వు, నీడ రెండూ నకారాలే కదా అనుకుంటారేమో, యతికి హల్లు ఒక్కటే కలిస్తే చాలదు, అచ్చు కూడా కలవాలి. ఉకారానికి ఈకారానికి మైత్రి లేదు.

‘నువ్వు’ తిరిగి రావడం అలంకారమేనా అంటే నా దృష్టిలో కాదు, పునరుక్తి దోషమే. యమకం కావాలంటే అర్థం మారాలి. లాటానుప్రాస కావాలంటే అర్థం అదే ఉన్నా తాత్పర్యం మారాలి. ఇక్కడ ఆరు నువ్వులూ ఒకే నువ్వు.

అన్నిటికన్నా పెద్దది మూడో చరణం మూడో పాదం. ‘రోజులెన్నో’, ఏడు మాత్రలు. 14 ఉండాల్సిన చోట సగమే ఉంది. పాదం విరిగింది.

గోడమీదపిల్లి:
ఆరు నువ్వులా? ఈ కవి నోట్లో నువ్వుగింజ నానదన్నమాట.

పల్లవిచరణం:
గణవిభజన గారూ, మీ లెక్కలో తప్పు లేదు, లెక్క దగ్గరే ఆగిపోయారు, అదీ నా గొడవ. ముత్యాలసరంలో యతిప్రాసలు తప్పనిసరి కాదని మీకు నాకన్నా బాగా తెలుసు, మరి లేని నియమం పెట్టి మార్కులు తీసేయడం ఎందుకు?

ఆరు నువ్వులూ ఒకే నువ్వు అన్నారు. ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. మొదటి చరణంలో మూడు, రెండో చరణంలో రెండు, మూడో చరణంలో ఒకటి. మనిషి దూరమవుతున్నకొద్దీ మాట తగ్గుతూ వస్తోంది. రెండో చరణం రెండో పాదం ఇంకా బాగుంది, చెవి ‘నువ్వు’ కోసం సిద్ధంగా ఉంటే అక్కడ ‘నన్ను’ వస్తుంది. అదే బరువు, గురువూ లఘువూ, అదే నకారం, మనిషి మాత్రం మారిపోయాడు. పిలిచేవాళ్లు లేరు కాబట్టి తనను తానే పిలుచుకుంటున్నాడు. నువ్వు అన్న మాట అప్పటికే మూడు నాలుగుసార్లు చెవిలో పడి ఉండకపోతే ఈ ‘నన్ను’ ఎవరికీ తగలదు.

ఇంకోటి, ఇది పైకి చదివితేనే తెలుస్తుంది. పాదంలో రెండోదిగా వచ్చే నాలుగు మాత్రల మాటలు చూడండి. నడిచిన, విడిచిన, మరిచిన, పిలిచిన, అన్నీ నాలుగేసి లఘువులు, గబగబా నడిచిపోతాయి. రెండో చరణం సగానికి వచ్చేసరికి ‘నేనే’, రెండు గురువులు. తర్వాత ‘లేవని’, ‘వచ్చిన’, ముందు ఒక గురువు. చివరికి ‘చూస్తూ’, మళ్లీ రెండు గురువులు. మాత్రలు అవే నాలుగు, కానీ అడుగు బరువెక్కింది. మొదట్లో నువ్వు నడుస్తున్నావు, చివర్లో నేను కూర్చుని చూస్తున్నాను.

‘రోజులెన్నో’ దగ్గర పాదం విరగలేదు. తాళం నడుస్తూనే ఉంది, మాట ఆగింది. పాడి చూడండి, ఆ ఏడు మాత్రల ఖాళీలో ఎదురుచూడటం తప్ప ఇంకేం లేదు.

నిఘంటువు:
ఎంచు అంటే లెక్కించు, ఎన్నుకొను, తప్పుపట్టు. ఏ అర్థంలో వాడారో చెప్పాలి.

గణవిభజన:
మాట ఆగింది, తాళం నడిచింది అంటున్నారు కదా, ఆ ఏడు మాత్రలు ఎక్కడున్నాయో చూపించండి. కాగితం మీద లేవు. ‘రోజులెన్నో’ ఏడు, ‘ఎంచుతున్నా’ ఏడు. కలిపి చదివితే 14, అచ్చంగా ఒక పూర్తి పాదం. అంటే మూడో పాదం సగం కాలేదు, పూర్తి పాదాన్ని రెండు వరుసల్లో విరిచి రాశారు, లేనిది చివరి పొట్టి పాదం. ఖాళీ ఉందనే అనుకుందాం, అది ‘రోజులెన్నో’ తర్వాత కాదు, ‘ఎంచుతున్నా’ తర్వాత. మీ ఎదురుచూపు సిద్ధాంతం తప్పు చోట కూర్చుంది.

పల్లవిచరణం:
దాచుకున్నా, పలుకుతున్నా, ఎంచుతున్నా. మూడూ ‘న్నా’తో ముగిశాయి, మూడూ విడి వరుసలు. ఎంచుతున్నా తోకే. చిన్నపిల్లలకు వినిపించినా చెబుతారు.

గణవిభజన:
‘దాచుకున్నా’ జరిగిపోయిన పని. మిగతా రెండూ జరుగుతున్న పని. పైకి ఒకేలా వినపడినా అంత్యప్రాస కోసం కాలాన్ని కలిపేశారు. అయినా నేను అడిగింది అది కాదు, 7+7 ఎంత?

పల్లవిచరణం:
14. సంతోషమా?

గణవిభజన:
అయితే పూర్తి పాదమని ఒప్పుకున్నట్టే.

పల్లవిచరణం:
ఒప్పుకోలేదు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే ఒక మనిషి అవరు.

సగంచదివినవాడు:
నాలుగు రోజులుగా ఒక్క వరుస మీదే ఉన్నారు. మిగతా 11 వరుసలు ఏం పాపం చేశాయి?

లఘువు:
ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటున్నా. ‘వచ్చిన రోజు’లో రోజు ఒక్కటే, రాబోయేది. రెండు వరుసల కింద ‘రోజులెన్నో’, అన్నీ అయిపోయినవి. తిరిగి వచ్చే మాటల గురించి మాట్లాడుకునేటప్పుడు ఇది వదిలేస్తే ఎలా?

నిఘంటువు:
ఎంచు సంగతి ఎవరూ చెప్పలేదు.

గణవిభజన:
పల్లవిచరణం గారికి ఒక మాట. చూడమ్మా, పాడితే ఏదైనా సరిపోతుంది. రాగం తీస్తే మూడు మాత్రల మాట ఆరు మాత్రలు సాగుతుంది, పాటలో నప్పింది కాబట్టి పద్యంలో ఒప్పు అనడం వాదన కాదు. ముందు నియమం తెలుసుకుని తర్వాత దాన్ని దాటడం వేరు, నియమమే తెలియకుండా దాటడం వేరు. ఈ కవి ఛందస్సు అంతంత మాత్రం అని తనే చెప్పుకున్నారు. తెలియక విరిగినదాన్ని మీరు కావాలని విరిచారంటున్నారు.

పల్లవిచరణం:
ముందు ఆ ‘అమ్మా’ తీసేయండి. ఆ పిలుపుతో నాకు పాత లెక్క ఉంది. ఒక కవిసమ్మేళనంలో నా గేయం చదువుతుంటే రెండో పాదం దగ్గరే ఒక పెద్దాయన చెయ్యెత్తి ‘యతి ఎక్కడమ్మా’ అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఏం చేస్తాను. ఇంకా మూడు చరణాలు ఉన్నాయి, ఎవరూ వినలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి యతిమైత్రి పట్టిక మొత్తం కూర్చుని రాసుకున్నాను, అఆఐఔలు ఒక వరుస, ఇఈఎఏలు ఒక వరుస, ఉఊఒఓలు ఒక వరుస. నాకు తెలుసు, తెలిసే మాట్లాడుతున్నాను. మీలాంటివాళ్లకు కొలబద్ద కవిత చదవడానికి కాదు, ఎదుటివాళ్లను ఆపడానికి.

గోడమీదపిల్లి:
అబ్బో, టెన్షన్ పెరిగింది.

గణవిభజన:
ఆ పెద్దాయన చేసిన దానికి నన్ను శిక్షించకండి. నేను ఎవరినీ సగంలో ఆపలేదు, 12 వరుసలూ చదివాకే రాశాను.

చిత్తుప్రతి:
నేను ముందే చెప్పి ఉండాల్సింది. మీరిద్దరూ ఇంత దూరం వెళతారనుకోలేదు. మొదట రాసినప్పుడు మూడో చరణం ఇలా ఉంది:

నువ్వు వచ్చిన రోజు చెబుతా
ఎదురు చూస్తూ గడిచిపోయిన
రోజులెన్నో, నువ్వు లేనివి
ఎంచుతున్నా

మొదట చదివినవారు ‘నువ్వు’ మరీ ఎక్కువైందని అన్నారని చెప్పాను కదా. అది విని భయపడి చివరిది తీసేశాను. తీసేశాక అక్కడ ఇంకేదైనా పెడదామని చాలాసేపు చూశాను, ఏదీ కుదరలేదు, అలాగే వదిలేశాను. మూడు రెండు ఒకటి అని నేను లెక్కపెట్టుకోలేదు. ఎదురుచూపు కోసం ఖాళీ ఉంచలేదు. క్షమించండి. ఎంచు అంటే లెక్కపెట్టడమే అండీ.

గణవిభజన:
చూశారా. నువ్వు మూడు, లేనివి నాలుగు, రోజులెన్నో ఏడుతో కలిపి 14. పాదం ఉంది, తీసేశారు. విరిగిందని మొదటిరోజు నుంచీ చెబుతున్నాను. చిత్తుప్రతి గారూ, వెంటనే తిరిగి పెట్టేయండి. ‘నువ్వు లేనివి’ చాలా మంచి మాట, రోజులకు అంతకన్నా సరైన విశేషణం దొరకదు.

లఘువు:
ఒక్క నిమిషం. ఆరు నువ్వులు ఎక్కువయ్యాయన్నది మీరే కదా? ఇప్పుడు ఏడోది కావాలంటున్నారు.

గోడమీదపిల్లి:
హహహ.

గణవిభజన:
పాదం నిండటం కోసం.

పల్లవిచరణం:
పెట్టకండి చిత్తుప్రతి గారూ. మీరు ఎందుకు తీశారన్నది మీ సంగతి, తీశాక అక్కడ ఏం మిగిలిందన్నది చదివేవాళ్ల సంగతి. ‘నువ్వు లేనివి’ అని చెబితే అర్థమైపోతుంది, చెప్పకపోతే లోటు తెలుస్తుంది. ఆరుసార్లు పిలిచి ఏడోసారి పిలవబోయి ఆగినట్టుంది. మీ భయమే అక్కడ నిజం చెప్పింది.

గణవిభజన:
ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. కవి స్వయంగా చెబుతున్నారు, కావాలని చేయలేదు, మాట దొరకలేదు అని. అయినా మీరు అందులో భావం చూస్తారు. సరే చూడండి. కానీ నేను ఒకటి అడుగుతాను, జవాబు చెప్పండి. పాదం విరిగితే హృదయం ఉందంటారు, పాదం నిలబడితే హృదయం లేదంటారు, ఇది ఎక్కడి న్యాయం?

నేను పెళ్లయిన కొత్తలో నా భార్య కోసం తేటగీతి పద్యాలు రాశాను, ఎనిమిది. ఒక్కోదానికి ఎన్ని రాత్రులు పట్టాయో నాకే తెలుసు. యతి కుదిరితే భావం జారిపోయేది, భావం నిలిస్తే గణం చెడేది, రెండూ నిలిచేదాకా కూర్చున్నాను. ఒక పత్రికకు పంపితే ఒక్క వాక్యంతో తిరిగొచ్చాయి: ‘నిర్దోషంగా ఉన్నాయి, ఆర్ద్రత లేదు’. నిర్దోషంగా ఉండటమే దోషమైపోయింది. అన్ని రాత్రులు కూర్చున్నది ప్రేమ లేకనా? రాయలేక వదిలేసిన సగం పాదానికి మీరు ఇంత జాలి చూపిస్తున్నారు, పూర్తిచేసినవాడి మీద ఎవరూ అంత దయ చూపించలేదు. నా గొడవ ఏడు మాత్రల గురించి కాదు.

సగంచదివినవాడు:
ఈసారి మొత్తం చదివాను.

లఘువు:
గణవిభజన గారూ, ఆ ఎనిమిదిలో ఒకటి పెట్టకూడదా?

గణవిభజన:
పద్యం పెట్టను. ఒక పాదం పెడతాను, అంతే.

నీవు లేనట్టి యింటిలో నేను లేను

లఘువు:
నీవు సూర్యగణం, అంటే గురులఘువుల పొట్టి కూర్పు. లేనట్టి, యింటిలో రెండూ ఇంద్రగణాలు, కాస్త పొడుగువి. నేను, లేను మళ్లీ సూర్యగణాలు. నీకు నేకి యతి. సరిగ్గా తేటగీతి.

పల్లవిచరణం:
నిన్నటి నుంచి జవాబు రాసి చెరిపేస్తున్నాను. ఈ పాదం బాగుంది. మర్యాదకు అనడం లేదు.

పైగా ఇందులో మీరు తప్పన్న పనే చేశారు. లేనట్టి, లేను. లేకపోవడం రెండుసార్లు వచ్చింది, ఒకసారి ఆమెకు, ఒకసారి మీకు. నీవు, నేను, లేను మూడూ ఒకే తూకం, నీవు పోయి ఆ స్థానంలో నేను వచ్చి అది కూడా లేను అయిపోతుంది. యతిస్థానంలో నేను అన్న మాటే పడటం మీకు కుదిరిందా, కుదిర్చారా?

గణవిభజన:
కుదిరింది. చాలాసేపు ‘నిలువ లేను’ అని ఉండేది, అది కూడా సరిపోతుంది. ఒకరోజు ‘నేను లేను’ అని నోటికి వచ్చింది.

పల్లవిచరణం:
అది కావాలని చేయలేదుగా మరి?

గణవిభజన:
నోటికి వచ్చేదాకా కూర్చున్నాను. రెండింటికీ తేడా ఉంది.

పల్లవిచరణం:
ఉంది. చిత్తుప్రతి గారు కూడా చాలాసేపు చూశానన్నారు, మాట రాలేదు. మీకు వచ్చింది. వచ్చిన మాటను నమ్మినట్టే రాని మాటను కూడా నమ్మవచ్చు అంటున్నాను. మీ పద్యాలకు ఆర్ద్రత లేదన్నవాళ్లతో నేను లేను, ఆ సంగతి వేరే. కానీ ఆ కోపంతో ఈ మూడో చరణాన్ని కొలవకండి.

గణవిభజన:
ఆ పెద్దాయన మీద కోపంతో మీరు నా మొదటి పోస్ట్ చదవలేదా ఏమిటి? నేను ‘మంచిదే’ అని కూడా రాశాను, మొదటి పేరా చివర. ఎవరూ చూడలేదు. ఇకపోతే ‘అమ్మా’ అన్నది పొరపాటు, వెనక్కి తీసుకుంటున్నాను.

మొదటి పోస్ట్‌లో ఇంకొకటి కూడా దిద్దుకోవాలి. ఆరు నువ్వులూ ఒకే నువ్వు అన్నాను. మొదటి చరణంలో నడిచిన, విడిచిన, మరిచిన మనిషి, పని చేసే మనిషి. రెండో చరణంలో ‘నువ్వు లేవని’ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఒక ఖాళీకి పేరు. మాట అదే, అర్థం అదే, తాత్పర్యం మారింది. లాటానుప్రాస అని పూర్తిగా అనను కానీ పునరుక్తి దోషం అన్నది తొందరపడి అన్నమాట. మూడో చరణం మీద మాత్రం నా మాట అదే, పాదం నింపాలి.

పల్లవిచరణం:
నా మాటా అదే, నింపకూడదు.

నిఘంటువు:
లెక్కపెట్టడం అయితే ‘ఎన్నుతున్నా’ అని కూడా అనవచ్చు. మాత్రలు సరిపోతాయి.

గోడమీదపిల్లి:
ఎన్నో, ఎన్ను! ఇంకో పునరుక్తి తెచ్చిపెట్టారు.

చిత్తుప్రతి:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి రెండు రకాలుగానూ పైకి చదివాను. ‘నువ్వు లేనివి’ ఉన్నప్పుడు చదవడం అయిపోయినట్టు అనిపిస్తోంది, లేనప్పుడు ఏదో మరిచిపోయినట్టు అనిపించి మళ్లీ మొదటికి వెళ్తున్నాను. ఏది మంచిదో ఇంకా తేలలేదు. తీసేయమన్నవారికి మాత్రం మీ చర్చ చూపించాను, ‘నేను అన్నది మొదటి చరణం గురించి, మూడోది ఎందుకు తీశావు?’ అన్నారు.

కొత్తగావచ్చా:
ఇప్పుడే చూశాను, పైన ఉన్నదంతా చదవలేదు. చిన్న సందేహం. మొదటి వరుసలో ‘దారి మీదే’ అన్నారు. దారి పైన అనా, దారి మీది, అంటే మీ సొంతం అనా?

గణవిభజన:
పైన అనే. ఆరుసార్లు నువ్వు అన్నవాడు మధ్యలో మీది అనడు.

పల్లవిచరణం:
ఎందుకు అనకూడదు?